కొట్టివేత

నాంపల్లి స్టేషన్ ఎదురు గల్లీల
జిరాక్సు మిషనుకూ మోసంబి జ్యూసు బండికీ నడుమ
నా డీటీపీ దుకాణం.
మంగళవారం పదకొండుకు మల్హర్‌రావు సారు వస్తడు.
స్కూటరు స్టాండు వేసిన చప్పుడుల
ఇంకా కొంచెం పరేడు మైదానం మిగిలి ఉంటది.
గోడకు వీపు ఆనించి కూసుంటడు,
దర్వాజా కండ్లకు కనబడాలె.
ముప్పై నాలుగేండ్ల అలవాటు బిడ్డా, అంటడు.
మోకాళ్ళే అలవాటు తప్పినయి.

రిటైరైన పోలీసుల సంఘానికి ఆయన అధ్యక్షుడు.
సంఘమంటే ఒక రబ్బరు స్టాంపు,
గోషామహల్ల ఒక అద్దె గది,
పెన్షనందని ఆడోళ్ళ ఫోన్ నంబర్లు రాసుకున్న
పాత కేసు డైరీ.

ఆయన చెప్తడు, నేను కొడుత.
నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ మీద
ముప్పై ఆరు గంటలు నిలబడి
పులిహోర పొట్లం విప్పకుండనే కూలిన
కానిస్టేబుల్ గట్టయ్య గురించి.
డ్యూటీల పోయిండా, డ్యూటీ దిగినంక పోయిండా
మూడేండ్లయినా తేలని ఫైలు గురించి.
క్వార్టర్ ఖాళీ చెయ్యమని
తలుపుకు అంటించిన నోటీసు మీదనే
మనుమరాలు ఎక్కాలు రాసుకుంటున్న సంగతి
చెప్పి, "అది వద్దు తియ్, అర్జీల పనికిరాదు" అన్నడు.

ఆయన తెలుగు పంచనామా తెలుగు.
పక్క మంచం మీద పదేండ్లు పండుకున్న దోస్తును
"సదరు మృతుడు" అంటడు.
అట్ల అన్నప్పుడల్లా
కండ్లద్దాలు తుడుసుకుంటడు.

నేను ఆయనకు చెప్పని ముచ్చట ఒకటుంది.
దొరకని దొంగకు బదులు
దొరికిన మా అన్న.
రెండు రాత్రులు.
మూడోనాడు "తప్పయింది, పో" అన్నరట,
చాయ్ గూడ తాపిండ్రట.
ఇరవై రెండేండ్లయింది,
వాన వచ్చే ముందు ఇప్పటికీ
మా అన్న అరికాళ్ళకు తెలుస్తది.

అయినా కొడుత. పేజీకి పదిహేను రూపాయలు.
ఎనిమిది గంటల డ్యూటీ, వారానికొక సెలవు,
హోంగార్డు ఖాజా ఊపిరితిత్తులకు మందుల ఖర్చు.
న్యాయమే గదా, అనుకుంట కొడుత.
అనుకోకుంట గూడ కొడుత.

మొన్న చివరి పేరా కాడ ఆగిండు.
ఫ్యాను దిక్కు చూసి, పంచనామా తెలుగు కాని తెలుగుల
మెల్లగ అన్నడు:
"మనిషిని పద్దెనిమిది గంటలు నిలబెడితే
ఆ అలుపు ఎవని ఒంటి మీదనో దిగుతది.
దింపినం. మేమే దింపినం."
నా ఏళ్ళు ఆగినయి.
"కొట్టు బిడ్డా."
కొట్టిన.

ప్రింటు తీసిస్తే రెండుసార్లు చదివిండు.
ఎర్ర పెన్ను మూత పండ్లతోని ఊడదీసి
ఆ మూడు వాక్యాల మీద
స్కేలు పెట్టినట్టు గీత గీసిండు.
పక్కన పొట్టి సంతకం.
కొట్టివేతకు సంతకం పెట్టకుంటే చెల్లదట.
"సంఘం ఒప్పదమ్మా. సెక్రటేరియట్ల నవ్వుతరు.
కొట్టేసి ఇంకో కాపీ తియ్.
ఆ పేజీకి గూడ లెక్క గట్టు."
గట్టిన. తీసుకున్న.

లేవబోతుంటే అన్న:
"జెర ఆగుండ్రి సార్, వానొస్తది.
పొద్దున మా అన్న చెప్పిండు."
బయటికి తొంగి చూసిండు. మబ్బు లేదు.
"మీ అన్నకెట్ల ఎరుక?"
"అరికాళ్ళు గుంజుతయి సార్."

జ్యూసు మిషను ఆగింది.
ఏ ఠాణా అని అడగలేదు,
ఏ సాలు అని అడగలేదు,
అడుగుడే పనిగ బతికిన మనిషి.
హెల్మెటు ఒళ్ళో పెట్టుకొని
మళ్ళ కూసున్నడు,
ఈసారి దర్వాజా దిక్కు వీపు పెట్టి.

రెండింటికి వాన పడ్డది.